ఆటగాండ్ర అశ్రుతర్పణము

అమెరికా దేశమందలి విస్కాన్సిన్ రాష్ట్రములో, సరోవరతీరమున, లేక్ జెనీవా అను చిన్న పట్టణము కలదు. 2008 మార్చి 4వ తేదీన ఆ పట్టణమున గారీ గైగాక్స్ అను 69 ఏండ్ల పెద్దమనిషి స్వగృహమున కన్నుమూసెను. ఆయన రాజ్యమేలినవాడు గాడు, యుద్ధము గెలిచినవాడు గాడు, వెండితెరపై వెలిగినవాడును గాడు. ఒకప్పుడు షికాగోలో బీమా కంపెనీ ఉద్యోగి, ఆ కొలువు పోయిన పిమ్మట కొంతకాలము పాదరక్షలు బాగుచేసి సంసారమీదినవాడు. అట్టివాని మరణవార్త చెవిని బడినంతనే దేశదేశములందు నడివయస్సు దాటిన ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, రచయితలు కంటతడి పెట్టిరి. స్టీఫెన్ కోల్బేర్ అను ప్రసిద్ధ హాస్యనటుడు, చిన్ననాడు తానును ఆయన కల్పించిన ఆట మరగినవాడగుటచే, మరునాటి తన టెలివిజన్ కార్యక్రమము చివరిభాగమును ఆయన స్మృతికి అంకితము చేసెను. అంతకంటె వింతగొలుపునది అంత్యక్రియలకు వచ్చినవారు చేసిన పని. వారు క్రతువు ముగిసిన తరువాత ఇండ్లకు మరలిపోక, ఆ యూరిలోని మాజీ సైనికుల సంఘమందిరమున బల్లలు వేసికొని, చుట్టును గూర్చుండి, పాచికలు దీసి, ఆటలాడిరి. చావింట ఆటలేమని మనవారు ముక్కుపై వ్రేలు వేసికొందురు. కాని ఆ యాట యెట్టిదో తెలిసినవారికి, ఆ దుఃఖము మరియొక రూపున వెలువడుట సాధ్యము కాదని తోచకమానదు.

ఆ యాట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. నలుగురైదుగురు ఒక బల్లచుట్టు చేరుదురు. వారిలో నొకడు కథను నడుపువాడు. వానిని డంజన్ మాస్టర్ అందురు. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు: ఒకడు ఖడ్గధారి, ఒకడు మాంత్రికుడు, ఒకడు దేవతోపాసకుడు, ఒకడు తాళములూడదీయ నేర్చిన చోరుడు. వేషములు లేవు, రంగస్థలము లేదు. ఉన్నదెల్ల కాగితము, పెన్సిలు, నోటిమాట, కొన్ని పాచికలు. “మీ ముందర ఇనుప తలుపున్నది. అవతలినుంచి కమురు వాసన వస్తున్నది. ఏం చేస్తారు?” అని నిర్వాహకుడు అడుగును. “తలుపుకు చెవి ఆనించి వింటాను” అని ఒకడనును. వినబడినదో లేదో తేల్చుటకు పాచిక వేయుదురు. వినబడినదేమో నిర్వాహకుడు చెప్పును. ఆ పైన ఏమి చేయవలెనో మరల ఆటగాండ్ర యిష్టము. మన యరుగులమీద ఆడు అష్టాచెమ్మలో గవ్వలు పడినట్లు కాయ నడుచునే కాని, కాయకు వేరే యభిప్రాయముండదు గదా. ఆ కాయకే నోరు వచ్చి, నేనీ గడికి రాను, అదిగో ఆ గడినుండి సొరంగము త్రవ్వుకొని పోయెదనని మొండికేసినచో ఎట్లుండునో, ఈ యాట అట్లుండును. ఇందు గెలుపోటములు లేవు. ఈ వారము ఆగినచోటనే వచ్చువారము మొదలగును. ఒక్క పాత్రనే పది, ఇరువది యేండ్లు పోషించినవారు కలరు. ఆ పాత్ర మరణించినచో నిక్కముగ ఏడ్చినవారును కలరు.

గైగాక్స్ 1938లో షికాగోలో పుట్టి, బాల్యముననే లేక్ జెనీవాకు చేరినవాడు. సీసపు సైనికులను బల్లపై మోహరించి పూర్వయుద్ధములను మరల నడుపు వ్యసనము ఆయనకుండెను. ఆ వ్యసనపరులనందరను ఒకచోట జేర్చుటకై 1968లో తన యూర నొక మందిరము 50 డాలర్లకు అద్దెకు దీసికొని సమావేశము నడపెను. జెన్ కాన్ అను పేర అది నేడు వేలమంది చేరు మహోత్సవమైనది. 1971లో జెఫ్ పెరెన్ తో గూడి ఆయన ప్రకటించిన చెయిన్ మెయిల్ అను యుద్ధక్రీడానిబంధనల చివర మాంత్రికులకును, మహాసర్పములకును చోటిచ్చెను. మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ అను యువకుడు ఆ నిబంధనలను చేతబట్టుకొని, సేనలను వదలి, ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క మనిషిని అప్పగించి, బ్లాక్‌మూర్ అను కల్పితదేశపు కోటక్రింది చీకటిబిలములలోనికి వారిని దింపెను. సేనాపతి యొక్క డేగచూపు పోయి, దివిటీ పట్టుకొని నడుచు ఒంటరివాని గుండెదడ ఆటలోనికి వచ్చినది అప్పుడే. ఆర్నెసన్ వద్ద కొన్ని పుటల వ్రాతలుండెను. గైగాక్స్ వానిని పెంచి, క్రమబద్ధము చేసి, గ్రంథముగా దిద్దెను.

పెద్ద కంపెనీ లెవ్వియు పుచ్చుకొననందున, 1973లో బాల్యమిత్రుడు డాన్ కేతో తలా కొంత సొమ్ము వేసికొని సొంత కంపెనీ పెట్టిరి. 1974లో వెలువడిన తొలిముద్రణ వేయి ప్రతులు. కొయ్యరంగు కాగితము పొదిగిన పెట్టె; అందులో మూడు సన్నని పుస్తకములు; వెల 10 డాలర్లు. పెట్టెలను చేతులతోనే సర్దిరి. ఏడాది తిరుగకమునుపే అవి చెల్లిపోయెను. ఆ యాటకు కావలసిన పాచికలు మన యెరుకలోని ఆరు ముఖములవి మాత్రమే కావు. నాలుగు, ఎనిమిది, పండ్రెండు, ఇరువది ముఖములవి. నాటి చౌకరకపు ప్లాస్టిక్ పాచికలు వాడగా వాడగా మూలలరిగి గోళీలవలె గుండ్రనై, ఏ ముఖముపై నిలిచెనో తెలియకపోయెడివి. అంకెలు కనబడుటకు వాని గాడులలో మైనపురంగు రుద్దుకొనెడివారు. అట్లు అరిగిన పాచికలను నేటికిని దాచుకొన్న వృద్ధులు పలువురు కలరు.

ఆ పిదపటి చరిత్ర కొంత చేదైనది. 1980ల తొలినాళ్ళలో, ఈ యాట పిల్లలను క్షుద్రోపాసనకు ఈడ్చుచున్నదని అమెరికాలోని మతసంఘములు కొన్ని గగ్గోలు పెట్టినవి. కర్తృత్వమునకై, పైకమునకై ఆర్నెసన్ 1979లో వ్యాజ్యము వేయగా 1981లో రాజీ కుదిరెను. 1985లో గైగాక్స్ తాను స్థాపించిన కంపెనీనుండి తానే వెలివేయబడెను. 1997లో ఆ కంపెనీ మరియొకరి చేతిలోనికి పోయెను. ఈ కలహములలో న్యాయమెవరిదో తేల్చుట నా పని కాదు. కాని వెలివేయబడిన ఆ కర్త, పక్షవాతపు దెబ్బ తగిలిన తరువాతకూడ, తన యింటికి వచ్చిన అభిమానులను కూర్చుండబెట్టుకొని, చివరి జబ్బు ముదురువరకును వారము వారము ఆట నడపుచునే యుండెనన్న సంగతి మాత్రము మరువరానిది. హక్కు పోయినను ఆట పోలేదు. అది అట్లు పోవునది కాదు.

ఇందులోనే ఆ సంతాపపు రహస్యము కలదని నేననుకొందును. నవల వ్రాసినవాడు చివరి పుట వ్రాసి పెట్టిపోవును. పాఠకుడు దానికి ఒక అక్షరము చేర్చజాలడు. ఈ యాట కర్త యన్ననో, ఉద్దేశపూర్వకముగ అసంపూర్ణమైన గ్రంథము వ్రాసెను. గుహ యిచ్చెను, గుహలోనికి దిగువానిని ఈయలేదు. భాండాగారము చూపెను, దానిని దోచు నుపాయము చెప్పలేదు. ఆ మిగిలిన సగము ఇరువది, ముప్పది యేండ్లుగ పూరించుచు వచ్చినవారు కేవలము పాఠకులు కారు, సహకర్తలు. సహకర్త పోయినప్పుడు చేతిలోని పని కొనసాగించుటకంటె వేరు శ్రాద్ధమేమున్నది? లేక్ జెనీవాలో నాడు మొదలైన కలయిక 2009 నుండి గారీ కాన్ అను పేర ఏటేట జరుగుచున్నది. ఆ యాటనే కంప్యూటరులో ఆడునట్లు చేసినవారు తమ మాయాలోకపు శ్మశానభూమిలో, పూర్వము ఆయన కంఠముతో కథ చెప్పించిన ఘట్టమునొద్దనే, ఆయనకొక స్మారకచిహ్నము నిలిపిరి. లేని లోకములో లేని సమాధి. దానియొద్దకు పోయి తలవంచినవారు మాత్రము ఉన్నవారే. 2009 ఏప్రిల్ 7న ఆర్నెసన్ పోయినప్పుడు శోకించినవారును తక్కువవారు కారు గాని, లోకపు చెవికి ఆ శోకము అంతగ సోకలేదు.

మన తెలుగునాట ఇట్టి శోకమున్నదా యని వెదకబోగా నాకు దాసరి సుబ్రహ్మణ్యముగారు స్ఫురించిరి. ఆయన ఆట కల్పించినవాడు కాడు. చందమామలో సీరియళ్ళు వ్రాసినవాడు. 1932లో గుంటూరు జిల్లాలో పుట్టి, 1952లో మద్రాసు చేరి, నాగిరెడ్డి చక్రపాణులు 1947 జూలైలో నెలకొల్పిన ఆ పత్రికలో కొడవటిగంటి కుటుంబరావుగారి తోడివాడుగ ప్రవేశించి, 2006 వరకు అందే పనిచేసెను. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, మాయాసరోవరం: ఈ పేర్లు వినినంతనే ఒళ్ళు జలదరించు తెలుగువారు ఒక తరము కాదు, రెండు మూడు తరములవారు కలరు. వానిలోని నడక చూడుడు. శిఖిముఖి, విక్రమకేసరి అను నిద్దరు యువకులు; లేదా జయశీలుడు, సిద్ధసాధకుడు; ఒకనికి ఖడ్గము, ఒకనికి ఉపాయము; ఎదుట కీకారణ్యము, అందు వింతజాతులు, వికృతమృగములు, మాంత్రికులు, ఎవడో దాచిన ధనరాశి. గైగాక్స్ మనుష్యులు బల్లచుట్టు కూర్చుండి నడచిన దారిలోనే, అంతకు ఇరువది యేండ్లు ముందుగ, మన పిల్లలు చందమామ పుటలలో నడచుచుండిరి. ఒకరినొకరు ఎరుగని యీ యిద్దరిలో నెవరికెవరును ఋణపడలేదు. పాతాళముపై మానవునికి గల మక్కువయే ఇద్దరికిని మూలధనము. చిత్రా అను పేర ప్రసిద్ధుడైన రాఘవన్‌గారి బొమ్మలు ఆ మాంత్రికులకు గడ్డములును, రాక్షసులకు కోరలును ఇచ్చినవి. చక్రపాణిగారికి ఈ రాక్షసుల గొడవ రుచింపక, నడుమ నొకతరి దానిని ఆపించి బంకించంద్రుని దుర్గేశనందినిని వేయించిరనియు, పిదప మరల దాసరివారి మాంత్రికులే రాక తప్పలేదనియు ఆ కార్యాలయమునెరిగినవారందురు. దయ్యములను, మంత్రములను స్వయముగ నమ్మని మనిషి అంత నమ్మించునట్లు వ్రాయుట మరియొక చమత్కారము.

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రాజమార్గమున నకిరేకల్లు దాటినంతనే వచ్చు మా కేతేపల్లివంటి యూళ్ళకు చందమామ బస్సులో వచ్చెడిది. ఒక్క ప్రతి, చదువువారు ఊరిలో సగము. అట్టి ప్రతులను ఏడాదికొకమారు గోనెకుట్టు దారముతో కుట్టి అట్టవేసిన సంపుటము చూచినచో, మునుముందుగ నలిగినవి సీరియలు పుటలే; కుడివైపు క్రిందిమూల నూనెవ్రేళ్ళతో త్రిప్పి త్రిప్పి ఆ మూలలు గోధుమరంగుకు దిరిగి, కొన్నిచోట్ల ఊడియు పోయినవి. నెల చివర కథ ఎక్కడనో గండిలో ఆగును. వచ్చు నెలవరకు ఆగలేని పిల్లలు తాటిమట్టల కత్తులతో మూసీ కాలువగట్టుమీద ఆ మిగిలిన కథను తామే నడిపెడివారు. నీవు శిఖిముఖి, నేను విక్రమకేసరి. రాకాసిలోయలోని బ్రహ్మదండి మాంత్రికుడెవడన్న దగ్గర తగవు. ఒక సీరియలువాడు మరియొక సీరియలులోనికి చొరబడుట అక్కడ తప్పు గాదు. శిథిలాలయమన్నచో మాకు ఊహ అక్కరలేదు, సూర్యాపేట దాపున పిల్లలమఱ్ఱిలో కాకతీయులనాటి గుళ్ళున్నవి. కొండకోట కావలసినచో ఉండ్రుగొండ యున్నది. పాచికలు లేవు, నిబంధనలు లేవు. దెబ్బ తగిలినదో లేదో తేల్చుటకు అరపులే ప్రమాణము. గైగాక్స్ చేసిన ఘనకార్యములో సగము, ఈ అరపులను అంకెలలోనికి దింపి తగవు తీర్చుటయేమో!

కాని ఇక్కడ నొక పెద్ద భేదము కలదు. ఆ సీరియళ్ళకు రచయిత పేరు అచ్చువేయలేదు. నెల నెల లక్షలమంది, అదియు పలు భాషలలో, చదివిన కథలకు కర్త యెవరో చదివినవారికి తెలియదు. తెలిసికొనవలెనని తోచినవారును అరుదు. ఆ పిల్లలు పెద్దవారై, ఉద్యోగములలో కుదురుకొని, పాత సంచికలు వెదకి పట్టుకొనుచు, ఎవరయ్యా ఈ రాకాసిలోయ వ్రాసినదని విచారింప మొదలిడిన తరువాతనే ఆ పేరు నలుగురి నోళ్ళ నానినది. అప్పటికి ఆయన వృద్ధుడు. 2010 జనవరిలో విజయవాడలో ఆయన కన్నుమూసినప్పుడు, ఆ పేరు తెలిసి యెంతోకాలము కానివారే అందరికంటె ఎక్కువగ దుఃఖించిరి. ఆర్నెసన్ తన పేరుకొరకు న్యాయస్థానమెక్కెను. దాసరివారు అర్ధశతాబ్దిపైన పేరడుగలేదు. ఆ మౌనమును వినయమని మెచ్చుకొనుట మనకు సులభమే గాని, పేరు వేయకపోవుట పత్రికల ఆచారమని సరిపెట్టుకొనుట నాకు సమ్మతము గాదు. పిల్లలకు కథయే చాలును, నిజమే. కథకునికి మాత్రము చాలునని యెవరు చెప్పిరి?

ఆయన యభిమానులు చేసిన తర్పణము లేక్ జెనీవావారి తర్పణమునకు దూరపు బంధువు. చందమామ పత్రికయే కాలక్రమమున ఆగిపోయినను, పాత సంచికలను పుటపుటగ కంప్యూటరుకెక్కించినవారు కొందరు. తప్పిపోయిన నెలలకొరకు ఊరూరు జాబులు వ్రాసినవారు కొందరు. ఆ సీరియళ్ళు పుస్తకములుగ వెలువడినవి; చిత్రాగారి బొమ్మలు లోపల, దాసరి సుబ్రహ్మణ్యమను పేరు అట్టమీద. ఇక మిగిలినది ఆట. రాకాసిలోయను బల్లమీది యాటగ మలచు సాహసికుడెవడైన ముందుకు వచ్చినచో సామగ్రికి కొరత లేదు: మాంత్రికులున్నారు, లోయ యున్నది, ఇరువది ముఖముల పాచిక హైదరాబాదులో కొనదొరకును, బ్రహ్మదండి మాంత్రికుని వేషము ఎవరిదన్న తగవు మాత్రము ఆడువారే తీర్చుకొనవలసియుండును.