ఆకుపచ్చ రంగు చెప్పని సంగతులు

గూగుల్ ఎర్త్‌లో ఐరోపాని పైనుంచి చూడండి. స్వీడన్ నిండా ఆకుపచ్చ. రుమేనియాలో కార్పేతియన్ కొండల మీదా ఆకుపచ్చే. పోర్చుగల్‌లోనూ అంతే. దగ్గరికెళితే ఈ మూడూ ఒకటి కావు. స్వీడన్‌లో చాలా భాగం దశాబ్దాల పాటు పెంచి, కొట్టి, మళ్ళీ నాటే కలప పంట. కార్పేతియన్లలో గొడ్డలి పడని ముక్కలు కొన్ని ఇంకా మిగిలున్నాయి. పోర్చుగల్ యూకలిప్టస్ తోటల్ని పది పన్నెండేళ్ళకోసారి కోసి కాగితం మిల్లుకి పంపుతారు. చెట్లున్నాయా లేవా అన్నది ఉపగ్రహం చెబుతుంది. వాటిని ఎవరు, ఎలా, ఎందుకు పెంచుతున్నారో చెప్పడం దాని వల్ల కాదు.

మరి ఆ రెండో సంగతిని ఖండం మొత్తానికీ మ్యాప్‌గా గీయాలంటే?

కన్సల్టెంటుగా నేను చేసే పనిలో సగం ఇలాంటిదే. రెండు కంపెనీలు కలిసినప్పుడు వాటి డేటాబేసులు కలపాలి. "కస్టమర్" అన్న మాటకి ఒకచోట ఒక అర్థం, ఇంకోచోట ఇంకో అర్థం. అడవుల లెక్కా అంతే. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ లెక్కలో అర హెక్టారుకి మించిన నేల, అయిదు మీటర్లు దాటే చెట్లు, పది శాతానికి మించి నీడ ఉంటే అది అడవి. బ్రిటన్ అటవీ సర్వే కనీసం ఇరవై శాతం నీడ అడుగుతుంది. నార్వే 1919లో, ఫిన్లండ్ 1921లో, స్వీడన్ 1923లో నేల మీద చెట్లు కొలవడం మొదలుపెట్టాయి. ఎవరి పద్ధతి వారిది.

2012లో ఐరోపా పరిశోధకులు యాజమాన్య పద్ధతుల్ని అయిదు మెట్లుగా విడదీశారు. అసలు ముట్టుకోకుండా వదిలేయడం మొదటిది. ప్రకృతికి దగ్గరగా నడపడం రెండు, కలపా ఇతర ప్రయోజనాలూ కలిపి చూడడం మూడు, ఒకే వయసు చెట్లు పెంచి ఒకేసారి కొట్టడం నాలుగు. తక్కువ ఏళ్ళలో కోసే తోట అయిదోది. అదే ఏడాది ఒక బృందం ఖండాన్ని కిలోమీటరు గళ్ళుగా కోసి, ఏ గడికి ఏ పద్ధతి నప్పుతుందో లెక్కగట్టింది. ఇందులో మెలిక చూడండి: "నప్పుతుంది" వేరు, "జరుగుతోంది" వేరు. ఈ మ్యాప్ చెప్పేది మొదటిదే.

జరుగుతున్నదాన్ని ఉపగ్రహంతోనే పట్టుకోబోతే ఏమవుతుందో 2020లో తెలిసింది. 2011–2015తో పోలిస్తే 2016–2018లో ఐరోపా సమాఖ్యలో ఏటా కొట్టిన అడవి విస్తీర్ణం 49 శాతం పెరిగిందని 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. పెద్ద దుమారం లేచింది. 2021లో అదే పత్రికలో ఇతర శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. 2022లో మరో బృందం ఫిన్లండ్, స్వీడన్ అటవీ సర్వేల్లోని లక్షా ఇరవై వేలకు పైగా నేల పరిశీలనలతో సరిచూసింది. 2015 తరవాత ఒక్కసారిగా పెరిగింది అక్కడి నరుకుడు కాదు, నరుకుడిని పట్టుకునే మ్యాప్ సామర్థ్యం అని తేల్చింది. మన భాషలో చెప్పాలంటే, సర్వర్‌లో లాగింగ్ స్థాయి పెంచి, "ఎర్రర్లు పెరిగిపోయాయి" అని మేనేజరుకి మెయిల్ కొట్టడం లాంటిది.

అలాగని ఉపగ్రహాన్ని పక్కన పెట్టేయనక్కర్లేదు. పక్కన మనిషి కన్ను ఉండాలి, అంతే. 2022లో వెలువడిన ఒక ప్రపంచ పటం ఆ దారి పట్టింది. జియో-వికీ అనే వేదిక మీద మనుషులు రెండు లక్షల పైచిలుకు చోట్ల ఉపగ్రహ చిత్రాలు చూసి ఇది తోట, ఇది నాటిన అడవి, ఇది దానంతట పెరిగింది అని గుర్తులు పెట్టారు. ఆ గుర్తులతో ప్రోబా-వి ఉపగ్రహ చిత్రాల్ని వంద మీటర్ల గళ్ళుగా వర్గీకరించారు. పంటలూ చెట్లూ కలిసి పెరిగే నేలకి అందులో ప్రత్యేకంగా ఒక వర్గం ఇచ్చారు.

ఆ వర్గం ఎందుకంత ముఖ్యమో మన అరకు దాకా వస్తే అర్థమవుతుంది. అక్కడి గిరిజన రైతుల కాఫీ 2017 నుంచీ పారిస్‌లో సొంత దుకాణంలో అమ్ముడవుతోంది. 2020 డిసెంబరు 31 తరవాత అడవి నరికిన నేలలో పండిన కాఫీ, కోకో, రబ్బరు వంటి సరుకులు తమ మార్కెట్లోకి రాకూడదని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. పండిన చోటి అక్షాంశ రేఖాంశాలు చూపించమంది. అమలు వాయిదాలు పడింది గానీ చట్టం పోలేదు. దాని ప్రకారం నీడచెట్ల కింది కాఫీ తోట అడవి కాదు, సేద్యపు నేల. పైనుంచి చూస్తే మాత్రం కనిపించేవి సిల్వర్ ఓక్ చెట్ల నెత్తులే. మ్యాప్ దాన్ని అడవిగా రాసుకుందనుకోండి, రైతు నాలుగు ముసలి చెట్లు తీసి కొత్తవి పెట్టుకున్నా అడవి నరికినట్టే కనిపిస్తుంది. తప్పు గడిలో పడిన రంగుకి సంజాయిషీ చెప్పుకోవలసింది కొండమీది మనిషి.

అందుకే ఈసారి ఎక్కడైనా ఆకుపచ్చ మ్యాప్ కనిపిస్తే మూడు ప్రశ్నలు వెయ్యండి. అడవి అంటే వీళ్ళ లెక్కలో ఏమిటి? కొలిచే పద్ధతి మధ్యలో మారిందా? నేల మీదికి వెళ్ళి సరిచూసిన వారున్నారా? ఈ మూడింటికీ జవాబు దొరికాకే ఆ రంగుని నమ్మండి.