ఫౌంటెన్ పెన్నుల సేకరణము

గంటము పోయి సిరాబుడ్డిలో ముంచి వ్రాయు కలము వచ్చినది. పిమ్మట సిరాను తన గొట్టములోనే దాచుకొను ఫౌంటెన్ పెన్ను వచ్చినది. దానిని బాల్‌పెన్ను త్రోసివేసినది. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయినపుడు, అంతవఱకు చిట్టాలు, అడంగళ్లు వ్రాసిన పెన్నులు కొన్ని ఇండ్లలో ట్రంకుపెట్టెల యడుగున చేరియుండవచ్చును. వానిని పాతసామానులవానికి వేయకముందు పెద్దలు నా మాట యొకింత వినవలెనని కోరుచున్నాను.

కనబడిన ప్రతి పెన్నును కొనువాడు పెట్టెను నింపుకొనునే గాని, ఆ పెట్టె తెఱచి చూచినవారికి తెలియునది యేమియు నుండదు. ముందుగా నొక హద్దు పెట్టుకొనవలెను. నన్నడిగినచో, తెలుగుదేశమునను దాని యిరుగుపొరుగునను చేతితో తయారైన ఎబొనైటు పెన్నులు చాలునందును. రబ్బరులో గంధకమును హెచ్చుగా కలిపి కాచినచో నది గట్టిపడి ఎబొనైటగును. ఆ కడ్డీని తరిమెనపై త్రిప్పి గొట్టమును, మూతను, మరలను తీయుదురు. అట్టి పెన్నులు పెక్కింటిలో సిరాసంచి యుండదు. ఫిల్లరుతో నేరుగా గొట్టములో పోయుటయే.

ఈ సేకరణమున మొదటి స్థానము రాజమహేంద్రవరపు రత్నం పెన్నుది. కోసూరి వెంకటరత్నముగారు కంసాలిపని యెఱిగినవారు. గాంధీగారి స్వదేశీ ప్రబోధమునకు లోనై 1932 ప్రాంతమున పెన్నుల తయారీకి పూనుకొనిరి. కుమారప్పగారి ద్వారా ఆ పెన్ను చేరగా, అది విదేశీ పెన్నులకు బదులుగా పనికివచ్చునని గాంధీగారు 1935లో జాబు వ్రాసిరి. గైడర్ పెన్నులు కూడ ఆ పట్టణమువే. తడవారికి ఇంకను చేరువైనది సరిహద్దున కావలి తిరువళ్లూరు. అచ్చటి రంగా పెన్నులు చేతిపనికి పేరొందినవి. పార్కరులు మంచివి కావా యందురేమో. మంచివే, వానితో వ్రాసికొనుడు, పెట్టెలో మాత్రము చేర్పకుడు.

దొరికిన పెన్నును చన్నీటితో కడిగి, ఎండిన సిరాను మెల్లగా వదలింపవలెను. వేడినీట వేసినను, ఎండలో నుంచినను నల్లని ఎబొనైటు గోధుమవన్నెకు తిరుగును. వన్నె తగ్గినదని బూడిదతో తోమువారు కలరు. అది తగదు. గొట్టముపై చెక్కిన పేరు అరగిపోయినచో, ఆ పెన్ను ఎవరి చేతిపనియో చెప్పుట దుస్తరము. సిరాతో నింపి యెత్తిపెట్టరాదు.

పదిపన్నెండు పెన్నులు దాటనక్కఱలేదు. కాని ప్రతిదానికిని ఒక చీటి యుండవలెను: ఎవరు కొనిరి, ఏ యేట, ఎచ్చట, దానితో నేమి వ్రాసిరి. పెన్ను వెల అంగడివాడు చెప్పగలడు. ఈ సంగతులు మీరు తప్ప ఇంటిలో మఱియొకరు చెప్పలేరు. కనుక పెన్ను కడుగుటకు ముందే ఆ చీటి వ్రాయుడు, వీలైనచో ఆ పెన్నుతోనే.