వేసవి పూవులు



వేసవి యనగానే మనకు తోచునవి ఎండ, వడగాలి, అడుగంటిన నూయి. అయితే మల్లెపూవు నిచ్చినదియు ఆ ఋతువే. ప్రొద్దు క్రుంకిన పిమ్మట పెరటి మూలనుండి ఆ పరిమళము రాకున్నచో వేసవి రాత్రి గడచుట కష్టమే గదా! ఈ సుఖమునకు ఎకరముల తోట అక్కరలేదు. నూతిప్రక్కన నాలుగు గజముల నేల, కొంచెము తెలివి, కొంచెము ఓపిక ఉన్న చాలును. ఈ మూడింటిలో తెలివి నాకు ఆలస్యముగా వచ్చినది. అది వచ్చిన విధము ముందుగా మనవి చేసెదను.

మా పెరటిలో మా తల్లిగారు నాటిన మల్లెపొద యొకటి కలదు. ఆమె పోయిన పిమ్మట దానిని ఆమె గురుతుగా నెంచి, కత్తి తగులనీయక, ఏడాది పొడుగునను దినమునకు రెండు బిందెల నీరు పోసి పెంచితిని. పొద ఏపుగా పెరిగి గోడ నెక్కినది. ఆకు విస్తారము; పూవు మాత్రము లేదు. రెండు వేసవులు ఆడపిల్లల జడలకు పూలు అంగడినుండియే తెచ్చితిమి. ఇక దీనికి వయసు చెల్లినదని నిశ్చయించి, కార్తికము వెళ్లిన దినములలో దానిని పెల్లగించి నిమ్మమొక్క పెట్టుటకు గునపము తెప్పించితిని. ఆ సమయమునకు వచ్చిన ఒక వృద్ధుడు, మల్లెతోటలు సాగుచేసి తల నెరసినవాడు, పొదచుట్టును తిరిగి చూచి, "బాబుగారూ, దీనికి వయసు చెల్లలేదండి. మీరే దీనిని నిద్రపోనీయలేదు" అనెను.

ఆ మాటలోని మర్మ మిది. మల్లె క్రొత్త చిగురు కొనలయందు పూచును. ముదిరిన కొమ్మ పూవు నీయదు. ఎల్లకాలము నీరందుచుండిన మొక్క ఆకునే పెంచుకొనుచుండును. కావున చలికాలమున దానికి విశ్రాంతి నీయవలయును. కార్తికము వెళ్లినది మొదలు నీరు మానవలెను. ఆకు వాడి కొంత రాలును, భయపడరాదు. కొందరు తోటకాపులు మిగిలిన ఆకును గొర్రెలచే మేపుదురు. పుష్యమాసమున ఎండుకొమ్మలను, బలహీనపు కొమ్మలను తీసివేసి, తక్కినవానిని నేలకు మూరెడు ఎత్తున కత్తిరించవలెను. పిమ్మట మొదలు గుల్లచేసి, రెండు తట్టల చివికిన పశువుల ఎరువు వేసి, నిండుగా నీరు పెట్టవలెను. కొన్ని వారములలో చిగురు, దాని కొనను మొగ్గ కనబడును. ఒక విడత పూసిన పిమ్మట ఆ కొనలను త్రుంచినచో ప్రక్కనుండి మరల చిగురించి మరల పూచును. పొదకు కనీసము పూటయెండ తగులవలయును. నీడలోని మల్లె ఆకుకే పరిమితము.

ఆ యేడు నేను చేయి వణకుచుండగనే కత్తెర పట్టితిని. తల్లి చేతి మొక్కను మోడు చేసితినని ఇంటిలో రెండు దినములు నాతో ఎవరును సరిగా మాటలాడలేదు. చైత్రమున తొలి దోసెడు మొగ్గలు మా తల్లిగారి పటమునకే పెట్టితిమి.

మొగ్గలను కోయుటకును వేళ కలదు. తెల్లవారుజామున, బాగుగా ఊరి తెల్లబడిన మొగ్గలను మాత్రమే కోయవలెను. అవియే ఆనాటి సాయంకాలము విచ్చును. పచ్చిమొగ్గ కోసినచో విచ్చకయే వాడిపోవును. కోసినవానిని తడిగుడ్డలో చుట్టి నీడనుంచి, మధ్యాహ్నము అరటినారతో కట్టినయెడల దీపాలవేళకు మాల విచ్చును. రాత్రి విచ్చు పూవులు పెక్కులు తెల్లగను సుగంధముగను ఉండుటకు కారణము, చీకటిలో తిరుగు రెక్కలపురుగులకు దారి చూపుటయే. ఈ మల్లెను వలచినవారము మనమే కాదు; ఫిలిప్పైను దీవులవారికి 1934 నుండి ఇదియే జాతీయ పుష్పము.

ఇక నీటి మాట. మనుష్యులకే నీరు చాలని దినములలో పూలమొక్కలకు పోయుట తగునా యని పెద్దలు అడుగవచ్చును. తగిన ప్రశ్నయే. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు మొక్కకు చేర్చుడు. బట్టలుతికిన సబ్బునీరు మాత్రము వలదు. మరియొక ఉపాయము. కాల్చిన మట్టికుండను పొద మొదట మెడవరకు పాతి, నీరు నింపి, మూత పెట్టుడు. కుండ గోడలలోని సూక్ష్మరంధ్రములనుండి నీరు మెల్లగా ఊరును. నేల ఎండినకొలది ఎక్కువగను, తడిసియున్నప్పుడు తక్కువగను దిగును. పైన ఎండుటాకులు గాని వరిగడ్డి గాని పరచినచో తడి నిలుచును. నీరు పోయుటకు సాయంకాలము మేలు.

మొగ్గలు ఊదారంగునకు తిరిగి, గూడు కట్టినట్లుండి రాలిపోయినచో పురుగు పట్టినదని యెరుగుడు. అట్టి మొగ్గలను ఏరి కాల్చివేయవలెను. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని రాత్రి నానబెట్టి, ఉదయము వడకట్టి, సబ్బునీరు కొంచెము కలిపి చల్లినచో పురుగు తగ్గును.

మల్లెకు తోడుగా చంద్రకాంతను, కనకాంబరమును పెట్టుకొనుడు. చంద్రకాంత సాయంకాలము సుమారు నాలుగు గంటలకు విచ్చును. మిరియములవంటి దాని నల్లని గింజలు విషము. పిల్లలు నోట పెట్టుకొనకుండ చూడవలెను. కనకాంబరమునకు వాసన లేదు గాని మల్లెతో కలిపి కట్టినచో ఆ వర్ణమునకు సాటి లేదు. దాని ఎండుకాయ తడి తగిలిన చిటుక్కున పగిలి గింజలను దూరముగా చిమ్మును. మనుమలకు చూపుడు, ఆ దినము వారు పెరడు విడువరు.

మొక్కలు కావలసినవారికి తూర్పు గోదావరి జిల్లా కడియము ప్రాంతపు నర్సరీలు కలవు. అయితే అన్నిటికంటె సులభమైన దారి పొరుగువారి పెరడే. వానకాలమున మల్లె క్రిందికొమ్మను వంచి, కణుపువద్ద బెరడు కొంచెము గీచి, మట్టిలో త్రొక్కి రాయి పెట్టినచో రెండు మూడు మాసములలో వేరు పట్టును. అప్పుడు తల్లినుండి వేరుచేయవచ్చును. గునపము వేటు తప్పించుకొనిన మా పొదకు ఇట్లు పుట్టిన పిల్లలు నేడు మా వీథిలో అయిదు ఇండ్లలో పూచుచున్నవి. అత్తవారింటికి వెళ్లిన మా అమ్మాయి పెరటిలో నొకటి యున్నది.

పెద్దలారా! ఈ పనికి పడుచువారి బలము అక్కరలేదు. వేళ నెరిగి పోయుట, వేళ నెరిగి మానుట తెలిసిన మనవంటివారే తగుదురు. మీ పెరటిలో పూయని మల్లె యున్నచో దానిని పెరికివేయకుడు. ఒక్క చలికాలము నిద్రపోనిచ్చి చూడుడు.