నూతి గిలక నుండి రేవు క్రేను వరకు

1933లో ఓడలకు తెరువబడిన విశాఖపట్నం రేవులో టన్నుల బరువునెత్తు క్రేను కొక్కెముపై తిరుగు చక్రములు మన నూతి గిలకకు చుట్టములే.

గిలక బరువును తగ్గించదు. పైకి చేదుటకు మారుగా క్రిందికి లాగనిచ్చును, అంతే. బరువుతోపాటు కదలు కప్పీని చేర్చినచో త్రాడు రెండు వరుసలై భారమును పంచుకొనును. నాలుగు వరుసల కప్పీల జతతో 100 కిలోల మూటను 25 కిలోల లాగుడు నిలుపగలదు. రాపిడివలన ఎత్తుటకు మరికొంత కావలెను. అయితే మూట 1 మీటరు లేచుటకు 4 మీటర్ల త్రాడు లాగవలెను. బలము తగ్గినది, పని తగ్గలేదు.

ఒక్క సంగతి మరువరాదు. త్రాటిని క్రిందికి లాగునపుడు పై కొక్కెము మూట 100 కిలోలతోపాటు మన లాగుడు 25 కిలోలను కూడ మోయును. చేతికి తేలికైన పని కొక్కెమునకు తేలిక కాదు. అందుచేతనే వ్రేలాడు బరువు క్రింద ఎవరును నిలువరాదు.