ఇంజను ఆయిలు పెరిగినచో సంతోషింపరాదు

మన గ్రామములలో నేడు మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. పొలమునకు పోవుటకును, పాలకేంద్రమునకు పాలు చేర్చుటకును, సంఘమునుండి యెరువు బస్తా తెచ్చుకొనుటకును అదియే సాధనము. ఎద్దు మేత ముట్టనినాడే దాని జబ్బును కనిపెట్టగల రైతు, ఈ యంత్రమునకు కలుగు నొక వ్యాధిని మాత్రము గుర్తింపక నష్టపోవుచున్నాడు. ఇంజను ఆయిలులోనికి పెట్రోలు దిగుటయే ఆ వ్యాధి.

ఈ నడుమ సంఘపు గిడ్డంగికి వచ్చిన సభ్యుడొకరు, "మా బండి ఆయిలు త్రాగదు. మూడు నెలలైనను మట్టము తగ్గలేదు సరికదా, కొంత పెరిగినది కూడ" అని సంతోషముతో చెప్పిరి. మేము ఆయిలు గేజి పుల్లను తీసి వాసన చూచితిమి. పెట్రోలు వాసన గుప్పున కొట్టినది. ఆయిలు తనంతట తాను పెరుగదు. పెరిగినచో మరియొకటి వచ్చి అందులో కలిసినదని తెలిసికొనవలయును.

100 మొదలు 125 సి.సి. వరకు గల సామాన్యపు బండ్లలో సుమారు ఒక లీటరు ఆయిలు పట్టును. ఇంజనుకును, క్లచ్చికిని, గేర్లకును ఆ యొక్క లీటరే ఆధారము. అందులో పెట్రోలు కలిసినచో ఆయిలు నీళ్లవలె పలుచనై, ఇనుమునకు ఇనుమునకు నడుమ నిలువవలసిన జిడ్డుపొర నిలువదు. బేరింగులు, పిస్టను రింగులు, సిలిండరు అరిగిపోవును. వందల రూపాయలతో పోవు పని వేల రూపాయలకు వచ్చును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యన నిదియే.

పెట్రోలు ఎట్లు దిగును? కార్బురేటరులో చిన్న తొట్టి యొకటి కలదు. పెట్రోలు నిండగానే అందులోని ఫ్లోటు పైకి తేలి, ఒక సూదిని నెట్టి దారిని మూయును. ఇది చెరువు తూము వంటిదే. తూము బిరడా క్రింద పుల్ల యడ్డుపడినచో రాత్రియంతయు నీరు కారును గదా! అట్లే ట్యాంకులోని తుప్పుగాని, నలుసుగాని సూదిక్రింద చేరినను, సూదికొన అరిగినను, ఫ్లోటునకు చిల్లి పడినను దారి మూతపడదు. ట్యాపు తెరచియున్నచో పెట్రోలు తొట్టి నిండి పొర్లును. కొంత గొట్టముద్వారా నేలపై బడును. ఆ గొట్టము పూడియున్నచో సిలిండరులోనికి బోయి, రింగుల సందులగుండ ఆయిలులోనికి దిగును.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్. 6 నిబంధనల పిమ్మట వచ్చిన బండ్లలో పెక్కింటికి కార్బురేటరు లేదు; ఫ్యూయల్ ఇంజెక్షను కలదు. తాళము తీయగానే పంపు ఆగును గనుక వానికి ఈ రాత్రి కారుడు భయము తక్కువ. అయినను ఇంటినుండి చేనికి, చేనినుండి ఇంటికి మాత్రమే తిరుగు బండి ఏదైనను సరిగా వేడెక్కదు. చల్లని ఇంజనులో కాలక మిగిలిన పెట్రోలు కొంత ఆయిలులో చేరును. పాత బండికి చలి ఉదయమున లాగిన చోకును మరచినను ఇంతే. ఇట్లు చేరిన కొద్దిపాటి పెట్రోలు, అప్పుడప్పుడు బండిని దూరము నడిపినచో ఆయిలు వేడికి ఆవిరియై పోవును. రాత్రి కారినది అట్లు పోవునని నమ్మరాదు.

చికిత్సలో వరుస ముఖ్యము. ఆయిలులో పెట్రోలు కలిసెనని తోచినచో ఇంజను నడుపరాదు. బండిని తోసికొనియే మెకానిక్కు కడకు పోవలయును. మొదట ట్యాపు మూయవలయును. పిదప కార్బురేటరు విప్పించి సూదిని, ఫ్లోటును, ట్యాపు జల్లెడను చూపింపవలయును. అరిగిన సూదిని మార్పింపవలయును. అటుపిమ్మటనే పాత ఆయిలు తీసి క్రొత్తది పోయవలయును. లోపము సరిచేయక ఆయిలు మార్చినచో, అది యొక్క రాత్రిలో మరల చెడిపోవును.

కిక్కు దిగక బిగిసినచో బలముకొలది త్రొక్కరాదు. సిలిండరులో పెట్రోలు నిండియుండవచ్చును. అది నలుగునది కాదు గనుక కనెక్టింగు రాడ్డు వంగును. తాళము తీసి, ట్యాపు మూసి, బయలు ప్రదేశమున ప్లగ్గు ఊడదీసి, మెల్లగా కిక్కు త్రొక్కినచో పెట్రోలు వెలికి చిమ్మును. ఆ సమయమున ముఖము ప్రక్కకు ఉంచుకొనవలయును. బీడీ గాని, పొయ్యి గాని దరిదాపుల నుండరాదు.

తీసిన ఆయిలునందు పెట్రోలు కలదు గనుక నిప్పునకు వెంటనే అంటుకొనును. దానిని కందెనగా వాడరాదు, పశువుల కొట్టములో దాచరాదు, కాలువలో పోయరాదు. మూతగల డబ్బాలో పోసి, పాత ఆయిలు సేకరించువారికి ఈయవలయును.

రాత్రి బండి నిలుపునప్పుడు ట్యాపు మూయుట, పక్షమున కొకమారు గేజి పుల్ల తీసి మట్టమును, వాసనను చూచుట — ఈ రెండు అలవాట్లకు కాసైన ఖర్చు లేదు. సభ్యులు వీనిని పాటించి, చదువరాని ఇరుగుపొరుగువారికి కూడ ఈ సంగతి వినిపింపగోరుచున్నాము.