ది గోలెం అండ్ ద జిన్నీ

ది గోలెం అండ్ ద జిన్నీ అమెరికా రచయిత్రి హెలీన్ వెకర్ ఆంగ్లంలో వ్రాసిన చారిత్రక కాల్పనిక నవల. ఇది ఆమె మొదటి నవల. 2013లో హార్పర్ కాలిన్స్ సంస్థ దీనిని ప్రచురించినది. 1899లో న్యూయార్కు నగరానికి చేరిన రెండు వింత జీవుల కథ ఇందులోని ఇతివృత్తం. ఒకటి మట్టితో చేయబడిన స్త్రీ, రెండవది అగ్ని నుండి పుట్టిన జిన్నీ. ఈ నవలకు విస్తృతమైన పాఠకాదరణ లభించినది. అయితే దీనిలోని నిదానమైన కథనం, ముగింపు, నాయిక స్వేచ్ఛ అనే మూడు విషయాలపై పాఠకులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

నేపథ్యం

గోలెం అనునది యూదుల జానపద గాథలలోని మట్టిబొమ్మ. మంత్రశక్తితో దానికి ప్రాణం పోస్తారు. అది యజమాని ఆజ్ఞను పాటిస్తుంది. ప్రేగ్ నగరానికి చెందిన యూదు మతగురువు (రబ్బీ) యూదా లోయెవ్ అటువంటి బొమ్మను చేశాడనే గాథ మిక్కిలి ప్రసిద్ధమైనది. జిన్నీలు అరబ్బుల గాథలలో కనిపించే అగ్నిసంభవులు. అల్లావుద్దీన్ అద్భుతదీపం కథ ద్వారా తెలుగు పాఠకులకు జిన్నీ "దీపంలోని భూతం"గా చిరపరిచితమే.

వెకర్ యూదు కుటుంబంలో పుట్టినది. ఆమె భర్త అరబ్బు-అమెరికన్. రెండు కుటుంబాల వలస అనుభవాలలోని పోలికలే ఈ నవలకు మూలమని ఆమె తెలిపినది. మొదట వాస్తవిక కథలుగా ప్రారంభించిన ఈ రచన, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతున్నపుడు ఒక స్నేహితురాలు ఇచ్చిన సలహాతో కాల్పనిక కథగా మారినది.

కథాసంగ్రహం

(ఈ భాగంలో కథలోని ముఖ్య విషయాలు తెలుపబడినవి.)

ప్రష్యాకు చెందిన ఓటో రోట్‌ఫెల్డ్ తనకు భార్య కావాలని కోరి, యెహూదా షాల్‌మన్ అనే క్షుద్ర విద్యావేత్త చేత ఒక గోలెంను చేయించుకుంటాడు. అమెరికాకు వెళ్ళే ఓడలో దానికి ప్రాణం పోసి, కొద్దిసేపటికే తాను మరణిస్తాడు. యజమాని లేని ఆ మట్టిస్త్రీకి చుట్టూ ఉన్నవారి మనసులోని కోరికలన్నీ వినిపిస్తూ ఉంటాయి. న్యూయార్కులో ఆమె ఎవరో గుర్తించిన వృద్ధ రబ్బీ అవ్రామ్ మేయర్ ఆమెకు ఆశ్రయమిచ్చి, హవా అని పేరు పెడతాడు. ఆమె ఒక బేకరీలో పనికి కుదురుతుంది.

అదే నగరంలోని సిరియనుల పేటలో బుత్రోస్ అర్బీలీ అనే రేకుపనివాడు ఒక పాత రాగి కూజాను బాగుచేస్తుండగా, దాని నుండి జిన్నీ బయటపడతాడు. వెయ్యి సంవత్సరాల క్రితం ఒక మాంత్రికుడు అతనిని బంధించాడు. ముంజేతికి ఉన్న ఇనుప కడియం వలన అతడు మనిషి రూపం వదలలేడు. అహ్మద్ అనే పేరుతో అర్బీలీ వద్ద పనివాడుగా ఉండిపోతాడు. నిద్ర అవసరం లేని వీరిద్దరూ కలుసుకుని, రాత్రివేళల నగర వీధులలో తిరుగుతూ స్నేహితులవుతారు.

పాఠకుల అభిప్రాయాలు

ఆనాటి నగర చిత్రణను ఎక్కువమంది పాఠకులు ప్రశంసించారు. వాషింగ్టన్ వీధి పరిసరాలలోని సిరియనుల పేట ఈనాడు లేదు. 1940లలో బ్రూక్లిన్-బ్యాటరీ సొరంగ నిర్మాణం కొరకు అందులో చాలాభాగం కూల్చివేయబడినది. మర్యమ్ కాఫీ దుకాణం, ఐస్‌క్రీం అమ్ముకునే సాలేహ్ వంటి పాత్రల ద్వారా ఆ పేట మరల కళ్ళకు కట్టిందని, ఆ వీధులే ఈ నవలలో మూడవ ప్రధానపాత్ర అని వీరి అభిప్రాయం.

కథ నడక విషయంలో అభిప్రాయాలు చీలినవి. ముఖ్యపాత్రలు రెండూ చాలా పేజీలు గడచిన తరువాత గాని కలుసుకోవు. మధ్యలో ప్రతి చిన్నపాత్రకు పూర్వకథ చెప్పబడుతుంది. ప్రేమకథను ఆశించి చదివినవారు దీనిని లోపంగా భావించారు. వలసవచ్చినవారి జీవితగాథగా చదివినవారికి ఇదే గుణంగా తోచినది. క్రొత్త ఊరిలో మనిషి నిలదొక్కుకోవడానికి పట్టే కాలాన్ని ఆ నిదానమే అనుభవానికి తెస్తుందని వీరు అంటారు.

ముగింపుపై విమర్శ మరింత బలమైనది. విడివిడిగా నడచిన పోగులన్నీ పూర్వజన్మ సంబంధంతో ఒకేచోట ముడిపడటం కాకతాళీయంగా ఉన్నదని, సున్నితంగా సాగిన కథ చివరకు మాంత్రికుని వేటగా మారినదని కొందరి ఆక్షేపణ. ఆ ముడులన్నీ మొదటి నుండి సూచించబడినవే అని మరికొందరి సమాధానం.

అన్నిటికంటే లోతైన చర్చ హవా పాత్రను గురించినది. ఇతరుల కోరికలు తీర్చడానికే పుట్టిన ఆమెకు సొంత ఇచ్ఛ అనేది ఉన్నదా అనునది ప్రశ్న. కోపం వచ్చినపుడు తాను ఎంత హానిచేయగలదో తెలుసుకున్న హవా, తనను తాను అదుపులో ఉంచుకోవడానికి రబ్బీ మేనల్లుడైన మైకేల్‌ను వివాహమాడుతుంది. దీనిని పాత్ర స్వభావానికి విరుద్ధమైన బలహీనతగా కొందరు తలచారు. అణకువ నేర్పబడిన స్త్రీలందరి స్థితికి ఇది ప్రతిబింబమని, అందుకే ఆ ఘట్టం బాధ కలిగిస్తుందని ఇతరుల వాదన. స్వేచ్ఛను కోరే అహ్మద్ ఇతరుల క్షేమం ఆలోచించడు. క్షేమం కోరే హవా స్వేచ్ఛకు భయపడుతుంది. వీరి వాదోపవాదాలే నవలలోని ఉత్తమ భాగమని అనుకూలురు, విమర్శకులు కూడా అంగీకరిస్తారు.

ఇద్దరి వలస ఒకే విధమైనది కాదని గమనించిన పాఠకులూ ఉన్నారు. హవాకు విడిచివచ్చిన దేశమే లేదు. అహ్మద్‌కు తిరిగి వెళ్ళలేని ఎడారి ఉన్నది. ఆమె గతం లేక బాధపడితే, అతడు గతాన్ని మరువలేక బాధపడతాడు. అయినా ఇద్దరూ నిజరూపం దాచుకుని, అరువు తెచ్చుకున్న పేర్లతో బ్రతకవలసినదే. పరభాషా ప్రాంతంలో కొంతకాలమైనా జీవించినవారికి ఈ అంశం సులభంగా అర్థమవుతుంది.

పురస్కారాలు

ఈ నవలకు 2014లో మిథోపోయిక్ పురస్కారం లభించినది. 2013 సంవత్సరపు నెబ్యులా పురస్కారానికి ఉత్తమ నవల విభాగంలో ప్రతిపాదించబడినది.

తరువాతి భాగం

దీని కొనసాగింపు అయిన ది హిడెన్ ప్యాలెస్ 2021లో వెలువడినది. మొదటి ప్రపంచయుద్ధ కాలం వరకు ఆ కథ సాగుతుంది. హవా, అహ్మద్‌ల అనుబంధం అసంపూర్ణంగా మిగిలినదని భావించిన పాఠకులకు ఎనిమిదేళ్ళ నిరీక్షణ తరువాత ఆ కథ అందినది.