తీగ కలిస్తే చాలదు, తాళం కుదరాలి

మన దేశంలో బడిపిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయడానికి 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న యంత్రం బీబీసీ మైక్రో. బ్రిటన్‌లో ఎకార్న్ సంస్థ 1981లో తెచ్చిన కంప్యూటర్ అది. వేగం 2 మెగాహెర్ట్జ్, మెమరీ 32 కిలోబైట్లు. అలాంటి యంత్రాలు నేటికీ పనిచేస్తున్నవి ఉన్నాయి. కానీ వాటికి తోడుండే పిక్చర్ ట్యూబు మానిటర్ల తయారీ దాదాపు ఆగిపోయింది. కొత్త మానిటర్ తగిలిద్దామని సరైన తీగ చేయించినా, చాలాసార్లు తెర నల్లగానే ఉంటుంది. లేదా సంకేతం తన పరిధిలో లేదని మానిటర్ చెబుతుంది. చిక్కు ప్లగ్గులో ఉందని మనం అనుకుంటాం. నిజానికి అది కాలంలో ఉంది. పాత కంప్యూటర్ పంపేది బొమ్మను కాదు, బొమ్మ గీయడానికి ఒక తాళాన్ని.

పిక్చర్ ట్యూబులో బొమ్మ ఒక్కసారిగా పడదు. ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి గీత వెంట గీత గీసుకుంటూ పోతుంది. ఆ పుంజం ఎక్కడుంటే అక్కడికి తగిన రంగును ఆ క్షణానికే అందించడం కంప్యూటర్ పని. బీబీసీ మైక్రోలో ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు పడుతుంది, అంటే సెకనుకు 15,625 గీతలు. సెకనుకు 50 సార్లు తెర నిండుతుంది. ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకునే వీలుండాలని టీవీ లెక్కలనే తీసుకున్నారు. వరుసకు 80 అక్షరాలు పట్టే ‘మోడ్ 0’లో ఒక గీత మీద ఉండే 640 పిక్సెళ్లూ 40 మైక్రోసెకన్లలో దాటిపోతాయి. ఒక్కో పిక్సెల్ ఆయుష్షు 62.5 నానోసెకన్లు. మిగిలిన 24 మైక్రోసెకన్లు అంచులకూ, పుంజం వెనక్కి రావడానికీ పోతాయి. అయితే ఇది మొదటి పిక్సెల్, ఇది రెండోది అనే గుర్తు ఆ సంకేతంలో ఎక్కడా ఉండదు. గీత మొదలైందని చెప్పే చిన్న స్పందన మాత్రమే ఉంటుంది. అక్కడినుంచి ఏది ఎక్కడ పడాలో కాలమే తేలుస్తుంది.

1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ పద్ధతిలో సెకనుకు సుమారు 31,500 గీతలు, అంటే రెట్టింపు. ఆ తర్వాత వచ్చిన కంప్యూటర్ మానిటర్లలో చాలావాటికి అంతకన్నా నెమ్మదైన తాళం అందదు. వోల్టేజీలోనూ తేడా ఉంది. బీబీసీ మైక్రో రంగుల సాకెట్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీగలు ఒక్కొక్కటీ వెలగడమో ఆరడమో తప్ప మధ్యస్థం ఎరగవు. అది 5 వోల్టుల తర్కం, దాంతో వచ్చేవి 8 రంగులే. వీజీఏ రంగు తీగలో గరిష్ఠంగా ఉండేది 0.7 వోల్టు. వోల్టేజీ తగ్గించడానికి నాలుగు రెసిస్టర్లు చాలు. కాలాన్ని మార్చాలంటే మాత్రం వచ్చిన గీతను మెమరీలో దాచి, మరో వేగంతో తిరిగి చదవాలి.

టీవీ సంకేతాన్ని హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బాలు బజారులో దొరుకుతున్నాయి కదా, అవి చాలవా అని అడగవచ్చు. బొమ్మ వస్తుంది, అక్షరం చెడుతుంది. డిజిటల్ టీవీకి 1982లో కుదిరిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సంకేతాన్ని సెకనుకు 1.35 కోట్ల సార్లు కొలిచి నమూనాలు తీస్తారు. బీబీసీ మైక్రో మోడ్ 0లో పంపేది సెకనుకు 1.6 కోట్ల పిక్సెళ్ల లెక్కన. ఆ ప్రమాణాన్ని పాటించే డబ్బాకు 40 మైక్రోసెకన్లలో చిక్కేవి 540 నమూనాలే. 640 మొక్కలను 540 గుంతల్లో నాటితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. పక్కపక్క పిక్సెళ్లు ఒకదానిలో ఒకటి కలిసి అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. దానికి తోడు డబ్బా 50 తెరలను 60గా మారిస్తే, ప్రతి ఆరింటిలో ఒకటి పాతదే మళ్లీ వస్తుంది. కదిలే బొమ్మ తడబడుతుంది.

అందుకే కంప్యూటర్ గడియారాన్ని ఎరిగిన పరికరం కావాలి. రాస్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్‌తో నడిచే ‘ఆర్జీబీ టు హెచ్‌డీఎంఐ’ మొదట బీబీసీ మైక్రో కోసమే పుట్టింది. మోడ్ 0లో 16 మెగాహెర్ట్జ్ లెక్కతో, టెలిటెక్స్ట్ చిప్ గీసే మోడ్ 7లో 12 మెగాహెర్ట్జ్ లెక్కతో నమూనాలు తీస్తుంది. మోడ్ 0 తెరలో 640 పిక్సెళ్లు, 256 గీతలు ఉంటాయి. అడ్డంగా రెండింతలు, నిలువుగా నాలుగింతలు చేస్తే 1280, 1024 అవుతాయి. ఒకప్పటి 17, 19 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్లకు ఉన్న కొలత సరిగ్గా ఇదే. బొమ్మ కాస్త వెడల్పైనా ఒక్క పిక్సెల్ కూడా నలగదు.

2 మెగాహెర్ట్జ్ యంత్రానికి తెర చూపించడానికి 1 గిగాహెర్ట్జ్ కంప్యూటర్‌ను పెట్టడం న్యాయమా, దానికన్నా పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము, అంటే ఎమ్యులేటర్ నయం కదా అనేవారు ఉన్నారు. ప్రోగ్రాము ఏం చేసేదో తెలుసుకోవడానికి ఎమ్యులేటర్ చాలు, కాదనను. అయితే ఎమ్యులేటర్ ఆ యంత్రంలా నటిస్తుంది. ఈ పరికరం అలా నటించదు. యంత్రమే గీసిన బొమ్మను కొత్త తాళంలోకి అందిస్తుందంతే. పాత ట్యూబు మానిటర్ దొరికితే దానికి సాటి లేదన్నదీ నిజమే. అది లేనినాడు కన్వర్టర్ కొనేవారు సాకెట్లు కుదిరాయా అని చూసి ఊరుకోకూడదు. సెకనుకు ఎన్ని నమూనాలు తీస్తుందో అడగాలి. అక్షరం అలుక్కుపోతుందో, పదునుగా నిలుస్తుందో తేల్చేది ఆ ఒక్క అంకె.